యాసిడ్ గోళీలకు లొంగని పుండు: పసరు ఎదురెక్కిన ఒక కేసు

రోగికి 66 ఏళ్ళు. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతపు రైతు. (ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.) పైకడుపులో ఎడతెగని మంట, తెల్లవారుజామున చేదు పసరు (పిత్తరసం) వాంతులు, ఏడాదిలో తొమ్మిది కిలోల బరువు తగ్గడం, ఇవి ఆయన చెప్పిన బాధలు. రెండుసార్లు విరేచనం తారులా నల్లగా అయిందని మాత్రం భార్య చెబితేనే తెలిసింది. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. అప్పటికే బయట ఒకచోట ఎండోస్కోపీ చేసి, కడుపులో పుండు ఉందని యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు రెండు పూటలా రాశారు. నాలుగు నెలలు వాడాక మళ్ళీ చూస్తే పుండు ఉన్నచోటే ఉంది. అప్పుడు మా దగ్గరికి పంపారు.

మానని పుండు అనగానే ముందు క్యాన్సర్ గురించి ఆలోచిస్తాం. ఆ తర్వాత నొప్పుల గోళీలు, పుండ్లు తెచ్చే హెచ్. పైలోరీ బ్యాక్టీరియా, పొగ. మందు అసలు సరిగ్గా వేసుకుంటున్నారా లేదా అన్నది కూడా చూడాలి. చివర్లో, యాసిడ్‌ను పెంచే గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను అతిగా తయారుచేసే అరుదైన కణితి. చిన్నపేగు రసాలు కడుపులోకి ఎదురెక్కడం అనే కారణం ఈ వరుసలో బాగా కింద ఉంటుంది. చాలామంది వరుసలో అసలు ఉండదు. ఈ రోగి విషయంలో దాన్ని పైకి తెచ్చింది పొట్ట మీదున్న మచ్చ.

రొమ్ము ఎముక కింద మొదలై బొడ్డు దాకా దిగిన నిలువు మచ్చ అది. పాతబడి తెల్లగా మారింది. రిఫరల్ చీటీలో 'గతంలో పొట్ట ఆపరేషన్' అన్న మూడే మాటలున్నాయి.

"దేనికి చేశారు పెద్దాయనా?" అని అడిగాను.

"పేగు పుండుకేనండీ. అప్పట్లో తిన్నది దిగేది కాదు, పొద్దున తిన్నది సాయంత్రానికి కక్కేసేవాణ్ణి. కింద పేగు తెచ్చి పొట్టకి కుట్టామని చెప్పారు."

కాగితం ఒక్కటీ మిగల్లేదు గానీ ఇంతకంటే స్పష్టమైన వివరణ ఏ డిశ్చార్జి సమ్మరీలోనూ దొరకదు. 1980ల మధ్యలో జరిగిన ఆపరేషన్. ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో పుండు ముదిరి దారి మూసుకుపోతే, దాని తర్వాతి భాగమైన జెజునమ్‌ను పైకి లాగి కడుపుకు కలిపి కొత్త దారి వేసేవారు. దాని పేరు గ్యాస్ట్రోజెజునోస్టమీ. యాసిడ్ తగ్గడానికి వేగస్ నరాన్ని కూడా కోసేవారు. మొదటిదాన్ని 1881లో వియన్నాలో పేరొందిన సర్జన్ బిల్‌రోత్ సహాయకుడు ఆంటన్ వోల్ఫ్లర్ చేశాడు. వేగస్ నరం కోయడాన్ని 1943 నుంచి షికాగోలో డ్రాగ్‌స్టెట్ ప్రచారంలోకి తెచ్చాడు.

మన వైపు ఈ ఆపరేషన్ ఎంత మామూలో చెప్పాలంటే, అరవై దాటినవారి పొట్ట మీద ఇలాంటి నిలువు మచ్చ కనిపిస్తే నేను మొదట ఊహించేది ఇదే. మైసూరులో ఏళ్ళ తరబడి పనిచేసిన ఇంగ్లీషు సర్జన్ ఫ్రాంక్ టోవీ, అన్నం తినే దక్షిణాదిలో డుయోడినల్ అల్సర్ (ఆంత్రమూలంలో పుండు) ఎక్కువ, గోధుమ తినే పంజాబు వైపు తక్కువ అని గమనించి దాని మీద చాలా రాశాడు. కారణం అన్నమేనా కాదా అన్న వాదన పక్కన పెడితే, రోగులు మాత్రం నిజంగానే ఉన్నారు. సర్జన్ల బల్లలూ నిండేవి. యాసిడ్ తగ్గించే మందులు, 1970ల చివర్లో సిమెటిడిన్, ఆ తర్వాత రానిటిడిన్, ఒమెప్రజోల్ వచ్చాక ఆపరేషన్లు తగ్గిపోయాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మాత్రం మన మధ్యే ఉన్నారు.

ఈ ఆపరేషన్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. మామూలుగా కడుపు చివర పైలోరస్ అనే కండర వలయం ఉంటుంది. కడుపులోది కొంచెం కొంచెంగా కిందికి వదలడం, కిందిది పైకి రాకుండా ఆపడం దాని పని. కాలేయం నుంచి వచ్చే పసరు, పాంక్రియాస్ రసం ఆ వలయం దాటాక ఆంత్రమూలంలో కలుస్తాయి. కడుపుకు జెజునమ్ కుట్టినప్పుడు ఆ కొత్త కంత దగ్గర ఏ కండరమూ ఉండదు. పైనుంచి పేగులో దిగివచ్చే పసరు ఆ కంత ముందు నుంచే పోవాలి. కొంత కిందికి పోతుంది, కొంత కడుపులోకి పోతుంది. ఈ పెద్దాయన కడుపులోకి దాదాపు నలభై ఏళ్ళుగా రోజూ పోతూనే ఉంది.

రెండోసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నాను. భార్య బట్టల దుకాణం సంచిలో వేసి తెచ్చింది. గ్యాస్ గోళీలు, గులాబీ రంగు యాంటాసిడ్ సీసా, వాటి అడుగున కత్తెరతో నాలుగు, ఆరు చొప్పున కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు. పేరున్న వైపు కత్తిరించి ఇవ్వడం వల్ల ఏ ముక్క మీదా మందు పేరు పూర్తిగా లేదు. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చదివితే ఎసెక్లోఫెనాక్ అని తేలింది. మోకాళ్ళకు, రోజు మార్చి రోజు, రెండేళ్ళుగా వాడుతున్నారు. "అది నొప్పి బిళ్ళ, దీనికీ పొట్టకీ ఏం సంబంధం" అని ఆయన ఎవరికీ చెప్పలేదు. పొగాకు పండించే ఇల్లు కాబట్టి రోజుకు నాలుగైదు చుట్టలు సరేసరి.

ఆ రోజే నొప్పి గోళీలు ఆపించాం. పాంటోప్రజోల్‌ను టిఫిను తర్వాత కాకుండా తినడానికి అరగంట ముందు వేసుకోమన్నాం. ఈ రెండింటితోనే కథ ముగుస్తుందని నేను కూడా అనుకున్నాను, ఎందుకంటే ఇలాంటి పుండ్లలో ఎక్కువ భాగం ఆ రెండు మార్పులతోనే మానిపోతాయి. ఎనిమిది వారాల తర్వాత ఎండోస్కోపీ పెట్టుకున్నాం.

స్కోపు కడుపులోకి దిగగానే ఆకుపచ్చ కలిసిన పసుపు నురగ కనిపించింది. ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. కడుపులో పసుపు నీళ్ళు కనిపించినంత మాత్రాన 'బైల్ రిఫ్లక్స్ గ్యాస్ట్రైటిస్' అని రిపోర్టు రాసేయడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. స్కోపు గొంతు దాటేటప్పుడు రోగి డోకితే ఎవరి కడుపులోకైనా పసరు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా పరగడుపున, రాత్రివేళ కొంత పసరు ఎదురెక్కడం మామూలే. ఆ రిపోర్టు పట్టుకుని "నాకు పైత్యం వెనక్కి తన్నుతోందట" అని భయపడుతూ వచ్చేవారిని వారానికి ఒకరినైనా చూస్తాను. వాళ్ళలో చాలామందికి ఉన్నది అజీర్తి, లేదా ఆందోళన.

ఈయన సంగతి వేరు. మత్తు ఇచ్చి చేశాం, డోకు లేదు. ఉన్న ద్రవమంతా సక్షన్‌తో లాగేశాం. స్కోపు కదపకుండా కంత వైపు తిప్పి ఊరకే చూస్తూ ఉంటే, నిమిషం తిరగకముందే పేగు ముడుచుకున్నప్పుడల్లా పసరు ఒక్కో దఫా కడుపులోకి ఉబికి వచ్చింది. మళ్ళీ లాగాం, మళ్ళీ నిండింది. కంత చుట్టూ పొర నిప్పుకణికలా ఎర్రగా, ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు చిమ్మేట్టుంది. పుండు కంత అంచున లేదు. దానికి నాలుగు సెంటీమీటర్ల పైన, కడుపు లోపలి చిన్న వంపు మీద ఉంది. మొదటి రిపోర్టులో 1.5 సెంటీమీటర్లు, ఇప్పుడు 1.2. అడుగున తెల్లటి పొర, అంచులు మెత్తగానే ఉన్నాయి.

స్కోపును పాత దారిలోకి, అంటే పైలోరస్ వైపు కూడా నడిపాం. అప్పట్లో మూసుకుపోయిందన్న ఆ దారి కాస్త వంకరగా ఉన్నా తెరిచే ఉంది. మామూలు స్కోపు ఇబ్బంది లేకుండా దాటింది. ఆంత్రమూలంలో పుండు లేదు, పాత మచ్చ మాత్రం ఉంది. చివరికి నిర్ణయాన్ని మార్చింది ఇదే.

పుండు అంచుల నుంచీ అడుగు నుంచీ ఎనిమిది ముక్కలు, దూరంగా ఉన్న పొర నుంచి మరికొన్ని తీసి బయాప్సీకి పంపాం. కడుపు ఆపరేషన్ అయి పదిహేను, ఇరవై ఏళ్ళు దాటినవారిలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కాబట్టి రెండు మూడు ముక్కలతో సరిపెట్టుకోకూడదు. క్యాన్సర్ లేదు. హెచ్. పైలోరీ కోసం యూరియేజ్ పరీక్ష, బయాప్సీ, యాసిడ్ మందు రెండు వారాలు ఆపి మలపరీక్ష మూడూ చేశాం. మూడూ నెగెటివ్. ఇది ఆశ్చర్యం కాదు. పసరు ఈ బ్యాక్టీరియాకు గిట్టదు. ఇలాంటి ఆపరేషన్లయిన కడుపుల్లో అది దానంతట అదే కనుమరుగు కావడం తరచూ చూస్తాం. మందు ఆపిన ఆ రెండు వారాల్లోనే గ్యాస్ట్రిన్ కూడా చూశాం. కొంచెం పెరిగింది గానీ కణితి అనుమానించేంత కాదు. కాల్షియం మామూలుగా ఉంది. సీటీలో గడ్డలు లేవు.

పాథాలజిస్టు రిపోర్టులో పనికొచ్చిన భాగం పుండు గురించి కాదు, దూరపు పొర గురించి. పొర మీది గుంటలు సాగి, మెలికలు తిరిగి ఉన్నాయి. కింద ఉండాల్సిన సన్నని కండరపు పోగులు పైపొరలోకి పాకాయి. నీరు చేరి ఉబ్బింది, రక్తనాళాలు విచ్చుకున్నాయి. ఇంత దెబ్బ కనిపిస్తున్నా వాపు కణాలు మాత్రం కొద్దిగానే ఉన్నాయి. హెచ్. పైలోరీ అయితే ఆ కణాలతో పొర కిక్కిరిసిపోతుంది. రసాయనపు దెబ్బకు గుర్తయిన ఈ చిత్రాన్ని 1986లో లీడ్స్‌లో మైఖేల్ డిక్సన్ బృందం విడిగా వర్ణించింది. నొప్పి గోళీలు కూడా ఇదే చిత్రాన్ని గీయగలవు గనుక ఇది ఒంటరిగా రుజువు కాదు. కానీ ఆ గోళీలు ఆపి అప్పటికి రెండు నెలలైంది.

పసరు కడుపును ఎలా దెబ్బతీస్తుంది? పిత్త లవణాల సహజమైన పని కొవ్వును చీల్చి నీళ్ళలో కలిసేలా చేయడం. జిడ్డు గిన్నె మీద సబ్బు చేసే పనే. పేగులో అది తిండిలోని కొవ్వు మీద జరుగుతుంది. కడుపులో ఆ కొవ్వు దొరక్కపోతే, పొర కణాల గోడల్లో ఉన్న కొవ్వు మీద జరుగుతుంది. పాంక్రియాస్ రసంలోని ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైము పసరులో ఉండే లెసిథిన్‌ను లైసోలెసిథిన్‌గా మారుస్తుంది. అది కణాల గోడలకు ఇంకా ప్రమాదకరం. అందుకే పసరు, పాంక్రియాస్ రసం రెండూ కలిసి వచ్చినప్పుడు దెబ్బ ఎక్కువ.

1960ల్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త హోరేస్ డావెన్‌పోర్ట్ కుక్కల కడుపుల మీద ప్రయోగాలు చేసి ఇందులో అసలు కీలకం చూపించాడు. ఆరోగ్యంగా ఉన్న కడుపు తన యాసిడ్‌ను తనలోకి తిరిగి రానివ్వదు. పిత్త లవణాలు, ఆస్పిరిన్ లాంటివి ఆ అడ్డును పాడుచేస్తే యాసిడ్ పొరలోకి వెనక్కి చొరబడుతుంది. అది హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది, నెత్తురు కారుతుంది, కణాలు చస్తాయి. అంటే పసరు తలుపు పగలగొడితే ఇల్లు దోచేది యాసిడ్. ఈయన విషయంలో రెండేళ్ళు ఎసెక్లోఫెనాక్ కూడా ఆ పగలగొట్టే పనిలో చెయ్యి వేసింది.

ఇలాంటి పుండుకు పసరే మూలం కావచ్చని 1965లో లాన్సెట్ పత్రికలో గట్టిగా వాదించినవాడు జొహానెస్‌బర్గ్ సర్జన్ డు ప్లెసిస్. కడుపు పుండు ఉన్నవారి కడుపు ద్రవంలో పిత్త ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయని ఆయన చూపించాడు. ఆపరేషన్ ఊసే లేని కడుపుల మాట అది. 1973లో ఫిషర్, కోహెన్ పైలోరస్ పీడనం కొలిచి, పుండున్నవాళ్ళలో ఆ కండరం ఆంత్రమూలంలోకి యాసిడ్, కొవ్వు వచ్చినప్పుడు బిగుసుకోవాల్సినట్టు బిగుసుకోవడం లేదని చెప్పారు. పొగతాగితే పైలోరస్ పట్టు సడలి పసరు ఎదురెక్కుతుందని అదే ఏడాది ఇంగ్లండు నుంచి మరో పరిశోధన వచ్చింది. ఆ పదేళ్ళూ పసరు సిద్ధాంతానికి మంచి రోజులు.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ హెచ్. పైలోరీ బ్యాక్టీరియాను పెంచి చూపించాక వైద్యప్రపంచం అటు మళ్ళింది. 2005లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. న్యాయంగానే వచ్చింది. ప్రపంచంలో కోట్ల పుండ్లకు కారణం, మందు రెండూ ఒకేసారి దొరికాయి. కానీ ఆ వెలుగులో పసరు మాట పాఠ్యపుస్తకంలో ఒక పేరాకు కుదించుకుపోయింది. పుండు వల్ల పైలోరస్ చెడి పసరు వస్తుందా, పసరు వల్ల పుండు వస్తుందా అన్న ప్రశ్న కూడా తేలకుండానే పక్కకు పోయింది. మామూలు కడుపుల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమే. ఈయన కడుపులో ఏది ముందో గందరగోళం లేదు. కంత నలభై ఏళ్ళ నాటిది, పుండు నిన్నటిది.

మరి యాసిడ్ మందు ఎందుకు పనిచేయలేదు? ఇది కొంచెం ఓపిగ్గా చూడాల్సిన విషయం. పసరులోని పిత్త ఆమ్లాలు గ్లైసిన్‌తోనో టారిన్‌తోనో జతకట్టి ఉంటాయి. యాసిడ్ బాగా ఉన్న కడుపులో, పిహెచ్ 4 కంటే తక్కువలో, గ్లైసిన్ జతలు చాలావరకు కరగకుండా పేరుకుపోతాయి, హాని తగ్గుతుంది. టారిన్ జతలు పిహెచ్ 2 దగ్గర కూడా కరిగే ఉంటాయి. యాసిడ్ మందుతో పిహెచ్‌ను 5, 6కు తీసుకెళ్ళామనుకోండి, గ్లైసిన్ జతలు కూడా కరిగి పొర మీద పనిచేయడానికి సిద్ధంగా ఉంటాయి. యాసిడ్ తగ్గిన కడుపులో బ్యాక్టీరియా పెరిగి ఆ జతలను విడదీస్తే, విడిపోయిన పిత్త ఆమ్లాలు ఈ పిహెచ్ దగ్గర కణాల్లోకి ఇంకా సులువుగా చొరబడతాయి. మేం మందు మీద ఉన్నప్పుడు ఉదయం పరగడుపున తీసిన ద్రవం పిహెచ్ 6 దాటింది. రెండు వారాలు ఆపాక 3.5 వచ్చింది. వేగస్ నరం కోసినా యాసిడ్ పూర్తిగా చచ్చిపోలేదన్నమాట.

దీన్నిబట్టి ఎవరూ పాంటోప్రజోల్ మానేయకూడదు. విరిగిన అడ్డు మీద యాసిడ్ పడకపోవడం మంచిదే, మొత్తం ద్రవం పరిమాణం కూడా తగ్గుతుంది. ఈ మందు పుండును 1.5 నుంచి 1.2కు తెచ్చింది కదా. నా అభ్యంతరం ఒక్కటే. మానకపోతే డోసు రెట్టింపు, అప్పటికీ మానకపోతే మరో కంపెనీది అనే పద్ధతి.

ఎదురెక్కే మొత్తాన్ని కంటితో కాకుండా కొలిచి చూడాలని ఐసోటోపు స్కాన్ చేయించాం. టెక్నీషియం కలిపిన మెబ్రోఫెనిన్ సూది వేస్తే కాలేయం దాన్ని పసరులోకి వదులుతుంది. ఆ తర్వాత అది ఎటు పోతుందో కెమెరా చూస్తుంది. మామూలుగా అయితే అది చాలావరకు కిందికే పోవాలి. ఈయనకు అరగంటకే కడుపు ఆకారం తెర మీద స్పష్టంగా వెలిగింది. తొంభై నిమిషాలకు కూడా ఆ వెలుగు పోలేదు. అంటే రావడం ఒక్కటే కాదు, వచ్చింది అక్కడే నిలవ ఉంటోంది.

ఆపరేషన్ మాట ఎత్తే ముందు మందులతో గట్టి ప్రయత్నం చేశాం. సుక్రాల్‌ఫేట్ ఒక గ్రాము నాలుగు పూటలా ఇచ్చాం. అది పుండు మీద పూతలా నిలుస్తుంది, పిత్త లవణాలను కూడా కొంత పట్టుకుంటుంది. పాంటోప్రజోల్‌ను దానితో కలవకుండా గంట తేడాతో పెట్టాం. ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లం 300 మిల్లీగ్రాములు రెండు పూటలా ఇచ్చాం. పసరులో గట్టి విషాలైన పిత్త ఆమ్లాల పాలు తగ్గించి మెత్తటివాటి పాలు పెంచుతుందన్నది దీని లెక్క. నొప్పి, వికారం తగ్గిస్తుందని పరిశోధనలున్నాయి గానీ పొరలో దెబ్బను వెనక్కి తిప్పుతుందని నమ్మకంగా చెప్పలేం. రాత్రి భోజనం ఏడు గంటలకే ముగించమన్నాం, తల వైపు మంచం కింద ఇటుకలు పెట్టించాం. చుట్టలు మానమన్నాం. రోజుకు రెండుకు దించారు. రక్తహీనతకు ఐరన్ సూదులు వేశాం, బి12 కూడా తక్కువుంటే ఇచ్చాం.

మరో ఎనిమిది వారాలకు వాంతులు సగమయ్యాయి, హిమోగ్లోబిన్ 11 దాటింది. పుండు ఒక సెంటీమీటరు. మళ్ళీ తీసిన బయాప్సీలోనూ క్యాన్సర్ లేదు. కానీ 66 ఏళ్ళ మనిషిలో ఆరు నెలలు దాటి మానని కడుపు పుండును మందులతోనే నెట్టుకురావడం నాకు ఇష్టం లేదు. నెత్తురు కారడం ఒక భయం, బయాప్సీ ముక్కలకు దొరక్కుండా దాక్కున్న క్యాన్సర్ ఇంకో భయం. సర్జన్‌తో కూర్చున్నాం.

మూడు దారులున్నాయి. ఒకటి, పసరు తెచ్చే పేగును, పసరు తీసుకుపోయే పేగును కడుపుకు కింద ఒకదానికొకటి కలిపి దగ్గరిదారి వేయడం. బ్రాన్ పేరుతో పిలిచే ఈ పద్ధతి సులువు గానీ పసరును పూర్తిగా ఆపదు. రెండోది రూ (Roux) అనే సర్జన్ పేరుతో పిలిచే పద్ధతి. పసరు తెచ్చే పేగును కోసి, కడుపుకు నలభై నుంచి అరవై సెంటీమీటర్ల దిగువన కలపడం. పసరు అంత దూరం ఎదురెక్కలేదు. పుస్తకాల్లో దీనికే పెద్దపీట.

రూ పద్ధతి గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ మాన్, విలియమ్‌సన్ ప్రయోగం గుర్తుంచుకోవాలి. 1923లో మేయో క్లినిక్‌లో వాళ్ళు కుక్కల్లో పసరును, పాంక్రియాస్ రసాన్ని బాగా కిందికి మళ్ళించి కడుపును నేరుగా జెజునమ్‌కు కలిపారు. కుక్కల్లో దాదాపు అన్నింటికీ కలిపినచోటు దాటగానే పేగులో పుండ్లు వచ్చాయి. కడుపు పొరను తినేసే ఆ రసమే పేగు పొరను యాసిడ్ నుంచి కాపాడుతోంది! పసరు రాకుండా చేస్తే కడుపు బాగుపడుతుంది, పేగు పుండవుతుంది. అందుకే రూ పద్ధతి చేసినప్పుడు యాసిడ్ తగ్గించే ఏర్పాటు కూడా చేయాలి. ఈయన వేగస్ నరం ఒకప్పుడు కోశారు గానీ మందు ఆపితే పిహెచ్ 3.5 వచ్చింది, అంటే యాసిడ్ ఇంకా ఉంది. పైగా రూ పద్ధతి తర్వాత కడుపు ఖాళీ కావడం మందగించి, కొందరిని పాత బాధ కంటే కొత్త బాధే ఎక్కువ పీడిస్తుంది.

మూడో దారి మా కళ్ళ ముందే ఉంది. అసలు దారి తెరుచుకుంది. ఆనాడు కంత వేయడానికి కారణమైన పుండు మానిపోయింది, బ్యాక్టీరియా లేదు. మరి కంత ఇంకా ఎందుకు? విప్పేస్తే కడుపు పుట్టుకతో ఉన్నట్టే అవుతుంది. పసరు పైలోరస్ అవతలే ఉంటుంది, ఆంత్రమూలానికి దాని రక్షణ దానికి ఉంటుంది.

ఇందులో ఒకే ఒక్క తకరారు ఉంది. వేగస్ నరం లేని కడుపు నీరసంగా కదులుతుంది, పైలోరస్ తెరుచుకోవడమూ తక్కువ. విప్పాక కడుపు నిలవ పడిపోతే? పైలోరస్‌ను కోసి వెడల్పు చేయొచ్చు గానీ అలా చేస్తే మళ్ళీ పసరుకు దారి ఇచ్చినట్టే. స్కోపు సులువుగా దాటింది కాబట్టి పైలోరస్ జోలికి పోవద్దని, అవసరమైతే తర్వాత బెలూన్‌తో సాగదీద్దామని సర్జన్ అన్నారు. నాకూ అదే సబబనిపించింది. రోగికి, ఆయన కొడుక్కి కాగితం మీద బొమ్మ గీసి చూపించాం. "అప్పుడు కుట్టింది ఇప్పుడు ఊడదీస్తారన్నమాట" అన్నారు పెద్దాయన. అంతే.

ఆపరేషన్‌లో జెజునమ్‌ను కడుపు నుంచి విడదీసి, ఆ చిన్న భాగం తీసి పేగును పేగుకు కలిపారు, కడుపులో కంత మూశారు. పుండును కూడా కోసేయాలని సర్జన్ మొదట అనుకున్నారు. చిన్న వంపు మీద బాగా పైకి ఉండటంతో కోస్తే కడుపు సన్నబడుతుందని, లోపలి నుంచి అంచులు లోతుగా తీసి బల్ల మీద ఉండగానే ఫ్రోజెన్ సెక్షన్‌కు (ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే చూసే పరీక్షకు) పంపారు. క్యాన్సర్ లేదని వచ్చాక పుండును అలాగే వదిలేశారు. ఆ నిర్ణయం వల్లే తర్వాత జరిగింది మేం చూడగలిగాం.

మొదటి పది రోజులు భయపడ్డదే జరిగింది. ముక్కు గొట్టం నుంచి రోజుకు లీటరుకు తగ్గకుండా ద్రవం వచ్చింది. కాకపోతే సీసాలో పడుతున్నది నీళ్ళలా తెల్లగా ఉంది. పసుపు చాయ లేదు. సర్జన్ రౌండ్స్‌లో ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి మాట్లాడకుండా ముందుకు వెళ్ళిపోయారు, నర్సులకు మాత్రం అర్థమైంది. కడుపు కదలిక పెంచడానికి కొద్ది రోజులు ఎరిత్రోమైసిన్ ఇచ్చాం, నెమ్మదిగా జావ, ఆపై మెత్తటి అన్నం మొదలయ్యాయి. మూడు వారాలకు నిలవ తగ్గింది. బెలూన్ అవసరం పడలేదు.

పాంటోప్రజోల్ డోసు మార్చలేదు. సుక్రాల్‌ఫేట్, ఉర్సో ఆపేశాం. ఎనిమిది వారాల తర్వాత ఎండోస్కోపీలో పుండున్న చోట తెల్లటి నక్షత్రం లాంటి మచ్చ. కడుపులో కొద్దిపాటి స్వచ్ఛమైన ద్రవం. లాగేసి చూస్తూ ఉన్నా పసుపు రాలేదు. ఆరు నెలల బయాప్సీలో గుంటల మెలికలు బాగా తగ్గాయి, నీరు తీసింది. పేగు పొరలా మారిన కొన్ని చోట్లు మాత్రం అలాగే ఉన్నాయి. అవి ఒకసారి వచ్చాక సులువుగా పోవు.

ఇదంతా పసరు ఒక్కదాని పనేనని నేను చెప్పను. నొప్పి గోళీలు పుండు మొదలవడానికి కారణమై ఉండవచ్చు. వాటిలో డైక్లోఫెనాక్ జాతివి (ఎసెక్లోఫెనాక్ అందులోదే) కొంత పసరు ద్వారానే పేగులోకి వస్తాయి కాబట్టి, ఎదురెక్కే పసరుతో కలిసి కడుపు పొరను ఇంకోసారి తాకి ఉండవచ్చు. చుట్టలు పూర్తిగా మానింది ఆపరేషన్‌కు అడ్మిట్ అయ్యాకే. మత్తు డాక్టరు పట్టుబట్టారు. పొగ మానితే పుండు మానడం తేలికవుతుందన్నది తెలిసిన విషయమే, ఆ వాటా ఎంతో ఈ ఒక్క కేసులో విడదీసి చెప్పలేం. కానీ గోళీలు ఆపాక నాలుగు నెలలకు పైగా గడిచినా అర సెంటీమీటరే తగ్గిన పుండు, అదే యాసిడ్ మందు మీద, కంత మూసిన ఎనిమిది వారాల్లో పూర్తిగా పూడింది. దీనికి నా దగ్గర ఇంకో వివరణ లేదు.

ఆపరేషన్ అవ్వని కడుపుల్లో ఇంత స్పష్టత అరుదు. గాల్‌బ్లాడర్ తీయించుకున్నవారిలో పసరు నిలవ ఉండే చోటు పోయి రోజంతా పేగులోకి కారుతుంది కాబట్టి కొందరిలో ఎదురెక్కడం పెరుగుతుంది. షుగరు బాగా ముదిరి కడుపు కదలిక మందగించినవారిలోనూ అంతే. అలాంటివారికి పుండు మానకపోతే నేను ముందు నొప్పి గోళీలు, బ్యాక్టీరియా, పొగ, మందు వేసుకునే తీరు నాలుగూ తేల్చుకుని, దూరపు పొర బయాప్సీ చూసి, ఆ తర్వాతే పసరు మాట ఎత్తుతాను. వాళ్ళకు ఆపరేషన్ చెప్పాల్సిన సందర్భం నాకు దాదాపు రాలేదు.

ఈ పెద్దాయన ఇప్పుడు ఆరు కిలోలు పెరిగారు, హిమోగ్లోబిన్ 12.6. మూడు నెలలకోసారి బి12 సూది, పేగు పొరలా మారిన చోట్ల కోసం ఏడాదికోసారి ఎండోస్కోపీ. మోకాళ్ళ నొప్పులు ఎక్కడికీ పోలేదు. వాటికి పారాసిటమాల్, వ్యాయామం, కీళ్ళ డాక్టరు దగ్గరికి ఒక ఉత్తరం ఇచ్చాం. ఇంకే నొప్పి గోళీ ఇవ్వొద్దని మెడికల్ షాపువాళ్ళకు చూపించడానికి చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాం. దాన్ని భార్య ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆ మందుల సంచిలోనే ఉంచుతోంది.